దాల్చిన చెక్క అని కొన్నది సిలోన్‌దా, కాసియానా? ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: నల్లకుంట వంటిల్లు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. పదేళ్లుగా మధుమేహం ఉంది. తెలిసినవారెవరో చెప్పగా విని, ఆయన ఏడాది కాలంగా రోజూ పరగడుపున చెంచాడు దాల్చిన చెక్క పొడిని గోరువెచ్చని నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. పోయిన నెల పరీక్షలకు వెళ్లినప్పుడు మాటల్లో ఆ సంగతి రాగానే డాక్టరుగారు, "అది సిలోన్ చెక్కా, కాసియానా?" అని అడిగారు. నాన్నగారు నా వైపు చూశారు. నాకూ తెలియదు. సిలోన్ అంటే శ్రీలంక దాల్చిన అని, కాసియా అంటే అదే జాతిలో వేరే చెట్ల బెరడు అని తర్వాత తెలిసింది. ఏ రకమో తేలేదాకా పొడి ఆపేయమని చెప్పి, కాలేయానికి సంబంధించిన రక్తపరీక్ష ఒకటి రాసిచ్చారు. పరీక్షలో అంతా సవ్యంగానే ఉంది, అంతవరకు ఊరట. కానీ పాతికేళ్లుగా వంట చేస్తున్న నాకు, రోజూ చేత్తో పట్టుకునే దినుసు ఏమిటో తెలియదన్న సంగతి ఆ రోజు నుంచి మనసులో మెదులుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక వంటింటి గట్టు మీద తెల్ల కాగితం పరిచి, ఇంట్లో ఉన్న రెండు రకాల చెక్కనూ పక్కపక్కన పోసి చూశాను. మొదటిది నెల సరుకులతోపాటు కిరాణా కొట్టు నుంచి వచ్చేది. అవి పలకల్లాంటి ముక్కలు, కొంచెం వంపు తిరిగి ఉన్నాయి, పైన చెట్టు బెరడు అలాగే ఉండి అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు కనిపిస్తున్నాయి. చేత్తో విరవబోతే లొంగలేదు, రోకలితో కొట్టాల్సి వచ్చింది. రెండోది ఆన్‌లైన్‌లో "అసలైన సిలోన్ దాల్చిన" అని రాసి ఉంటే మూడు రెట్లు ధర పెట్టి తెప్పించినది. నాన్నగారి పొడి దీనితోనే చేసేదాన్ని. ఇవి నున్నగా, పెన్సిలు పొడవున, అందంగా చుట్టుకుని ఉన్నాయి. అయితే కొసన చూస్తే గొట్టంలా లోపలంతా ఖాళీగా, గోడ మాత్రం మందంగా ఉంది. చుట్టగా ఉంది కాబట్టి ఇది సిలోన్‌దే అనుకోవచ్చా? పొడి రూపంలో కొంటే తేడా పట్టుకునే దారి ఏదైనా ఉందా? ఇంతకాలం మనం బిర్యానీలో వేసుకుంటున్నది నకిలీ సరుకేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: మసాలా దినుసుల కొట్టు, విజయవాడ

నమస్కారం అమ్మా. నేను 22 ఏళ్లుగా ఈ వ్యాపారంలోనే ఉన్నాను. మీరు రాసిన వర్ణనను బట్టి మీ ఇంట్లో ఉన్న రెండూ కాసియానే. చుట్టగా ఉంటే సిలోన్, పలకగా ఉంటే కాసియా అన్న మాట బజారులో బాగా నాటుకుపోయింది, ఆ మాటను నమ్మే ఎక్కువమంది మోసపోతున్నారు. వియత్నాం, చైనా, ఇండోనేషియాల నుంచి వచ్చే కాసియాలో కూడా చక్కగా చుట్టుకున్న రకాలు ఉంటాయి. చుట్ట ఉందా లేదా అన్నది కాదు, ఆ చుట్టలో ఎన్ని పొరలు ఉన్నాయన్నది చూడాలి.

ఆ పొరలు ఎందుకు వస్తాయో తెలిస్తే గుర్తు ఎప్పటికీ మరిచిపోరు. శ్రీలంకలో దాల్చిన చెట్టును మాను కట్టేదాకా పెరగనివ్వరు. మొదలుకంటా నరికి, పిలకలుగా వచ్చిన సన్నని కొమ్మలను ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో కోస్తారు. పైనున్న గరుకు తోలును పూర్తిగా గీకేసి, లోపలి బెరడు కొమ్మ నుంచి ఊడివచ్చేలా ఇత్తడి కడ్డీతో రుద్ది, కత్తితో గాటు పెట్టి కాగితంలాంటి పలుచని పొరను ఒలుస్తారు. ఆ పొరలను ఒకదానిలో ఒకటి దూర్చి, చిన్న ముక్కలను కూడా లోపలే కూరి, 42 అంగుళాల పొడవైన కడ్డీలుగా అతికి నీడపట్టున ఆరబెడతారు. ఆరేకొద్దీ పొరలన్నీ ఒకదానినొకటి బిగించుకుంటాయి. అందుకే అసలైన సిలోన్ చెక్క కొసను చూస్తే పొగాకు చుట్టను అడ్డంగా కోసినట్టు లోపలిదాకా నిండుగా పొరలు కనిపిస్తాయి. ఆత్రేయపురం పూతరేకును మడత విప్పకుండా పక్క నుంచి చూసినట్టు ఉంటుందని మా కొట్టుకు వచ్చేవారికి చెబుతుంటాను, వెంటనే అర్థమవుతుంది. కాసియా అలా కాదు. అది మందపాటి బెరడు, ఒకే ముక్కగా ఎండుతుంది. ఎండేటప్పుడు రెండు అంచులూ లోపలికి ముడుచుకుని మధ్యలో బోలుగా మిగులుతుంది. మీరు చూసిన గొట్టం అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరు సన్నగా ఉన్నదే సిలోన్ అనుకుని లావు చుట్టలను పక్కన పెట్టేస్తారు. శ్రీలంకలో చుట్ట లావును బట్టి గ్రేడులు ఉన్నాయి. ఆల్బా అనేది అన్నిటికన్నా సన్నం, 6 మిల్లీమీటర్లు దాటదు. హాంబర్గ్ అనే గ్రేడులో చుట్టలు దానికి ఎన్నో రెట్లు లావుగా ఉంటాయి. రెండూ అసలైనవే. కాబట్టి చుట్ట లావును కాకుండా పొర మందాన్ని చూడండి. పొర కాగితంలా ఉండాలి. గోడ అట్టలా, పెంకులా ఉంటే అది కాసియా.

మిగిలిన గుర్తులు చేతికీ నోటికీ సంబంధించినవి. సిలోన్ చెక్క లేత గోధుమరంగులో ఉంటుంది, రెండు వేళ్ల మధ్య నొక్కితే ఎండుటాకులా పొడిపొడిగా విరిగిపోతుంది. కాసియా ఎర్రగా, ముదురు గోధుమరంగులో ఉండి, విరిస్తే ఫట్‌మని విరుగుతుంది, లేదంటే అసలు లొంగదు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే సిలోన్‌ది మెల్లగా తీపెక్కి, చివరలో లవంగం ఛాయ తగులుతుంది. కాసియా మొదట తీపిగానే ఉండి, తర్వాత నాలుకను గట్టిగా చురుక్కుమనిపించి, కొంచెం వగరు మిగులుస్తుంది. రంగును మాత్రం ఒంటరిగా నమ్మకండి, పాతబడిన సరుకు ఏదైనా రంగు మారుతుంది.

ధర విషయానికి వస్తే, మామూలు చెక్క ధరకే సిలోన్ చెక్క ఇస్తామని ఎవరైనా అంటే అది సిలోన్‌ది కాదు. కానీ ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన అసలైనదే వస్తుందన్న హామీ లేదని మీ అనుభవమే చెబుతోంది. కొట్టులో "దాల్చిన చెక్క" అని మాత్రమే అడిగితే మేము ఇచ్చేది కాసియానే, ఎందుకంటే అడిగేవారిలో దాదాపు అందరికీ కావలసింది అదే. మీకు సిలోన్ కావాలంటే పేరు పెట్టి అడగండి, ఒక చుట్ట తీసి మీ ఎదుటే విరిచి చూపించమనండి. సరుకు మీద నమ్మకమున్న కొట్టువాడు కాదనడు. 50 గ్రాములు కొనుక్కుంటే ఇంటికి చాలా రోజులు వస్తుంది.

సమాధానం: రసాయనశాస్త్రం పాఠాలు

పై సమాధానంలో చెక్క గురించి చెప్పినదంతా నిజం. నేను పొడి గురించి, డాక్టరుగారి ప్రశ్న వెనక ఉన్న కారణం గురించి రాస్తాను.

ముందు కారణం. కాసియా రకాలలో కూమరిన్ అనే పదార్థం గణనీయంగా ఉంటుంది, సిలోన్ దాల్చినలో లేశమాత్రంగా ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో రోజుల తరబడి లోపలికి వెళితే, కొంతమందిలో కాలేయం దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే యూరప్ ఆహార భద్రతా సంస్థ, మనిషి బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము కూమరిన్ వరకు జీవితాంతం తీసుకున్నా ఫరవాలేదని పరిమితి పెట్టింది. జర్మనీ ప్రభుత్వ సంస్థ 2006లో క్రిస్మస్ బిస్కెట్ల విషయంలో హెచ్చరిక చేసినప్పటి నుంచి అక్కడ ఇది ఇంటింటా తెలిసిన సంగతి. ఆ సంస్థ లెక్కలో గ్రాము కాసియా పొడిలో సగటున 3 మిల్లీగ్రాముల కూమరిన్ ఉంటుంది. మీ నాన్నగారు 60 కిలోలు ఉన్నారనుకుందాం. ఆయన పరిమితి రోజుకు 6 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల కాసియా. చిన్న చెంచాడు పొడి సుమారు రెండున్నర గ్రాములు తూగుతుంది. అంటే రోజూ ఒక్క చెంచాతోనే గీత దాటుతున్నారు. 15 కిలోల పిల్లవాడికైతే అర గ్రాముతోనే పరిమితి పూర్తవుతుంది. చెట్టును బట్టి, ప్రాంతాన్ని బట్టి కూమరిన్ బాగా మారుతుంది కాబట్టి ఈ లెక్కను సగటుగానే తీసుకోండి. గీత దాటిన రోజే ప్రమాదం ముంచుకొస్తుందని కూడా దీని అర్థం కాదు, నెలల తరబడి సాగే అలవాటుకు ఈ లెక్క వర్తిస్తుంది. బిర్యానీలో, కూరలో అంగుళం ముక్క వేసి, దానిని పదిమంది పంచుకుని, చివరికి ముక్కను కంచం పక్కన తీసిపెట్టే మన వంటకు ఈ భయం అవసరం లేదు.

కూమరిన్ రక్తాన్ని పలుచన చేస్తుందని తరచూ రాస్తుంటారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు కూమరిన్ కుటుంబానికి చెందినదే గానీ, చెక్కలో ఉండే కూమరిన్‌కు స్వయంగా ఆ గుణం లేదు. అయినా అలాంటి మందులు వాడేవారు ఏ పొడినైనా చెంచాల కొద్దీ మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి.

మధుమేహానికి దాల్చిన అన్న ప్రచారం మొదలైన తీరు కూడా తెలుసుకోదగినది. 2003లో పాకిస్తాన్‌లో 60 మంది మధుమేహ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో చక్కెర తగ్గినట్టు వచ్చింది, దానితో ప్రపంచమంతా ఈ అలవాటు పాకింది. ఆ అధ్యయనంలో వాడినది కాసియా. తర్వాత వచ్చిన అధ్యయనాలలో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. కాబట్టి మందు మాని పొడిని నమ్ముకోవడం ఏ రకంతోనూ మంచిది కాదు.

ఇక పొడి. చూపుతో, వాసనతో పొడిని కచ్చితంగా తేల్చడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టం. ఇంట్లో చేయదగిన పాత పరీక్ష ఒకటి ఉంది. కాసియాలో పిండిపదార్థం ఎక్కువ, మంచి సిలోన్ చెక్కలో తక్కువ. అర చెంచా పొడిని అర గ్లాసు నీళ్లలో రెండు నిమిషాలు మరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉంటే రంగు నిలవదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. చల్లారిన కషాయంలో గాయాలకు వాడే అయోడిన్ మందు రెండు చుక్కలు వేయండి. ముదురు నీలం, నలుపు కలిసిన రంగు వస్తే కాసియా అని అనుమానించాలి. పెద్దగా మార్పు లేకపోతే సిలోన్‌దని కొంత నమ్మవచ్చు. ఆ నీళ్లను పారబోయండి, తాగకూడదు. మరిగించేటప్పుడే ఇంకొక సూచన దొరుకుతుంది. కాసియా పొడి నీళ్లలో ఉబ్బి జిగురుగా తయారవుతుంది, గ్లాసు అడుగున తోపలా చేరుతుంది. అయితే పొడిలో బియ్యప్పిండి కలిపినా నీలం రంగే వస్తుంది కాబట్టి, ఈ పరీక్ష అనుమానం పుట్టించగలదు గానీ తీర్పు ఇవ్వలేదు. తీర్పు కావాలంటే ప్రయోగశాలలో కూమరిన్ ఎంతుందో కొలవాలి. అందుకని నా సలహా ఒక్కటే. పొడి కొనకండి, చెక్క కొని చూసుకుని ఇంట్లోనే పొడి చేసుకోండి.

సమాధానం: డాలస్ నుంచి

ఇక్కడి పరిస్థితి కూడా రాస్తున్నాను, విదేశాల్లో ఉన్నవారికి పనికొస్తుంది. అమెరికాలో కాసియాను కూడా దాల్చిన అనే పేరుతోనే అమ్మవచ్చు, సూపర్ మార్కెట్లలో దొరికే పొడి చాలావరకు అదే. ఇండియన్ స్టోర్లలో దొరికే చెక్క కూడా ఎక్కువగా కాసియానే. అసలైన సిలోన్ చెక్క నాకు చవకగా దొరికింది మెక్సికన్ కిరాణా దుకాణంలో. వారు దానిని కనేలా అంటారు. శ్రీలంక దాల్చినను ఎక్కువగా కొనే దేశాల్లో మెక్సికో ముందు వరసలో ఉంది, వారి వంటకు ఈ మెత్తని చెక్కే కావాలి. సంచిలో చేయి పెడితేనే పొరలు రాలుతుంటాయి.

ప్యాకెట్ కొనేటప్పుడు ముందు వైపు పెద్ద అక్షరాలు కాకుండా వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. శాస్త్రీయ నామం సిన్నమోమమ్ వెరమ్ అనో, జైలానికమ్ అనో ఉంటే సిలోన్‌ది. కాసియా, బర్మానీ, లౌరెయిరీ అన్న మాటల్లో ఏది ఉన్నా అది మరొక రకం. తయారైన దేశం వియత్నాం, చైనా, ఇండోనేషియా అని ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు. "సిలోన్ సినమన్" అనే పేరుకు యూరప్‌లో 2022 నుంచి భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది కాబట్టి అక్కడ ఉన్నవారు ఆ గుర్తును చూసి కొనవచ్చు. పొడి వద్దన్న సలహాకు ఇంకొక కారణం కలుపుతాను. 2024లో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కొన్ని రకాల దాల్చిన పొడుల్లో సీసం ఎక్కువగా ఉందని వరుసగా హెచ్చరికలు చేసింది. మా పాప పాలలో రోజూ చిటికెడు వేసే నేను ఆ వారమే పొడి డబ్బాలు తీసేసి చెక్కకు మారిపోయాను.

సమాధానం: పెళ్లి వంటల మేస్త్రి

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు, అందుకని రాస్తున్నాను. అమ్మా, కాసియా నకిలీ కాదు. దాల్చిన అన్న మన మాటే పారసీకంలోని దార్‌చీనీ నుంచి వచ్చింది, చైనా చెక్క అని దాని అర్థం. మన దేశ ఆహార ప్రమాణాల్లో కూడా కాసియాకు, దాల్చినకు వేర్వేరు నిర్వచనాలు ఉన్నాయి, రెండూ అమ్మదగిన సరుకులే. ఒకదాన్ని ఇంకొకదాని పేరుతో, ఇంకొకదాని ధరకు అమ్మడమే తప్పు. మీకు జరిగింది అదే.

వంటలో నా అనుభవం ఏమిటంటే, దమ్ముకు కాసియానే సరైనది. మాంసంతోపాటు గంటసేపు మగ్గినా అది చెదరదు, ఘాటు నిలుస్తుంది, వడ్డించేటప్పుడు ముక్క చేతికి దొరుకుతుంది. ఒకసారి ఒక పెళ్లివారు ఎంతో ప్రేమగా సిలోన్ చెక్క తెచ్చి ఇస్తే పలావులో అదే వేశాను. పొరలన్నీ విడిపోయి అన్నంలో రేకులు రేకులుగా కలిసిపోయాయి, తినేవారి పంటికి తగిలాయి, వాసన మాత్రం మసాలా ఘాటులో కలిసి తెలియకుండా పోయింది. అదే చెక్కను మరునాడు పాలు మరిగించి చేసిన సేమ్యా పాయసంలో దించే ముందు వేస్తే, మూత తీయగానే పందిరంతా పరిమళించింది. కాబట్టి టీకి, పాలకు, పాయసానికి సిలోన్ వాడండి. గరం మసాలాకు, బిర్యానీకి, మాంసం కూరకు మామూలు చెక్క నిశ్చింతగా వేసుకోండి. బిర్యానీ ఆకు కూడా ఇదే జాతి చెట్టుదే. ఆకు తిప్పి చూస్తే నిలువునా మూడు ఈనెలు కనిపిస్తాయి, ఆ చెట్టు బెరడును కూడా కొన్నిచోట్ల చెక్కలో కలిపి అమ్ముతారు. అది మందంగా, వాసన తక్కువగా ఉంటుంది, కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

నల్లకుంట వంటిల్లు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేసి ఫలితం రాస్తున్నాను. నిన్న బేగంబజారు వెళ్లి, సిలోన్ చెక్క అని పేరు పెట్టి అడిగాను. మొదటి రెండు కొట్లలో చూపించినవి బోలు గొట్టాలే. మూడో కొట్టులో పెద్దాయన లోపలి నుంచి పొడుగాటి డబ్బా తెచ్చి, నేను అడగకముందే ఒక చుట్టను వేళ్ల మధ్య నలిపి చూపించారు. అరచేతిలో పలుచని రేకులు పడ్డాయి, లేత రంగు, మెత్తని తీపి వాసన. 50 గ్రాములు తెచ్చుకున్నాను.

ఇంట్లో రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి అయోడిన్ పరీక్ష కూడా చేశాను. ఆన్‌లైన్ ప్యాకెట్ చెక్కతో చేసిన పొడి మరిగేటప్పుడే జిగురు పట్టింది, చల్లారాక మందు చుక్క పడగానే సిరా పోసినట్టు నల్లబడింది. కొత్త చెక్క కషాయం ఎర్రగా, కొంచెం మబ్బుగా అలాగే ఉండిపోయింది. నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని రెండు గ్లాసులనూ చాలాసేపు చూశారు. పొడి తాగడం మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది వచ్చే వారం డాక్టరుగారిని అడిగాకే తేలుస్తామని ఆయనే అన్నారు. ప్యాకెట్ అమ్మినవారికి విరిచిన ముక్క ఫోటోతో ఫిర్యాదు పంపాను, జవాబు రాగానే ఇక్కడ రాస్తాను. పాత కాసియా ముక్కలు పారేయలేదు, ఆదివారం పలావుకు సీసాలో పోసి, పైన పేరు రాసి పెట్టాను.